నీ శుక్రవారాన్ని ఆదివారం చేయకు

పర్లాకిమిడి

అమ్మాయీ,

సౌదీలో గడిచిన నీ చిన్నతనం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. 'ఆదివారం నాన్నకు సెలవు కాబట్టి అందరం కాంపౌండులోని ఈతకొలనుకు వెళ్లేవాళ్లం' అని రాశావు. దహ్రాన్‌లో ఆదివారం సెలవా? సౌదీలో 2013 వరకు గురు, శుక్రవారాలు సెలవు. ఆ తర్వాత శుక్ర, శనివారాలు. మా తమ్ముడు దమ్మాంలో ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో ఫోను శుక్రవారమే మోగేది. ఆ మధ్యాహ్నం మా అమ్మ ఫోను దగ్గర నుంచి కదిలేది కాదు, కునుకు కూడా కుర్చీలోనే.

నీకు తెలియక రాయలేదు. ఇక్కడివాళ్లకు అర్థం కాదేమోనని మార్చావు. బకాలాను కిరాణా కొట్టు చేశావు, ఖుబ్బూస్‌ను రొట్టె చేశావు, నాన్న ఇకామాను గుర్తింపు పత్రం చేశావు. ఎనిమిదేళ్ల పిల్ల చిల్లర పట్టుకుని పరుగెత్తింది బకాలాకే కదా!

నా మొదటి కథలో పక్కింటి ఒడియా అవ్వ నాకు పఖాళ పెడుతుంది. సంపాదకుడు దాన్ని చద్దన్నం అని దిద్ది అచ్చువేశాడు. చద్దన్నం మా ఇంట్లోనూ ఉండేది. ఆమె కంచుగిన్నెలో పులిసిన నీళ్లు, నలిపి చల్లిన వడియాలు, పక్కన వేయించిన ఆకుకూర, ఆ పిలుపు, అవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఆ మాట కోసమే కథ రాశాను. నలభై ఏళ్లయినా ఆ దిద్దుబాటును క్షమించలేదు. ఇప్పటి సంపాదకులు దిద్దరు, కింద అర్థాలు ఇమ్మంటారు. అదీ ఇవ్వకు.

మీ తాతగారి ఊరు ఇది. గిడుగు రామమూర్తిగారు ఇక్కడే సవర మాట్లాడేవారిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ల నోట విన్న మాటలను ఏళ్ల తరబడి పోగుచేస్తే, 1938లో సవర నిఘంటువు అచ్చయింది. అదే ఏడు దమ్మాం ఏడో నంబరు బావిలో చమురు పడిందని నువ్వు ఒక పేజీ రాశావు. ఆ పేజీ ఎవరైనా రాస్తారు, తీసెయ్.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఇది విను.

సెలవులకు వచ్చి వెళ్లినవాళ్లు మోసుకొచ్చిన మామిడికాయలు, ఉప్పులో ఊరిన ముక్కలను అమ్మ పిండి, మేడమీద పాత చీరపై పరవడం, ఇంతలో గాలి లేచి వాటి మీద సన్నని ఇసుక పడటం... రెండోసారి చదివినప్పుడు అక్కడే ఆగిపోయాను. నువ్వు మాత్రం 'ఎడారి మా జీవితాలకు మౌనసాక్షి' అని పేరా ముగించి, అమ్మను మేడమీదే వదిలేసి వెళ్లిపోయావు. మాగాయ ముక్కలను కడిగితే బూజు పడుతుంది. కడగకపోతే పంటికింద ఇసుక. ఏం చేసింది ఆవిడ? ఒక్కొక్క ముక్కా కొంగుతో తుడిచిందా? చీరతో సహా మూటకట్టి పారేసిందా? నువ్వు పక్కనే ఉన్నావు కదా, ఏమంది? అది రాసి పంపు.