పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: కొత్త ధాన్యం రాకముందు

ఆశ్వయుజ కార్తీకాలు రాగానే ఊరు, పొలం, అక్కడి మనుషులు జ్ఞాపకం వస్తున్నారంటూ ఈ నెల చాలా ఉత్తరాలు అందాయి. అన్నిటికీ విడివిడిగా రాయడం సాధ్యం కాదు కనుక, ఒక దారిన నడిచిన కొన్నిటిని ఎంచుకొని జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఇక్కడ అక్టోబరు వచ్చేసరికి చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా మారిపోతాయి. అమ్మమ్మ వాళ్ళ ఊళ్లో ఈ కాలం ఎలా ఉంటుందో రాసుకురమ్మని మా అమ్మాయికి బళ్లో చెప్పారు. నాకేమో పచ్చని పొలం తప్ప మరేమీ గుర్తుకు రావడం లేదు. ఏం రాయించమంటారు?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: మీకు గుర్తున్న పచ్చదనమే ఈ కాలంలో మన పల్లెల అసలు రంగు, కాబట్టి నిస్సంకోచంగా అదే రాయించండి. మీరుండే చోట పగటి పొద్దు తగ్గి చలి ముదిరే కొద్దీ చెట్లు ఆకుల్లోని పత్రహరితాన్ని విడగొట్టుకొని పోషకాలను లోపలికి లాగేసుకుంటాయి. ఆకుపచ్చ తొలగిపోగా అంతవరకు దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది, కొన్ని జాతులు ఆ రోజుల్లోనే ఎరుపును కొత్తగా తయారుచేసుకుంటాయి. మన దగ్గర అప్పటికి వానలు కురిసి నేలలో తడి నిలిచి ఉంటుంది కనుక చెట్టు ఆకును వదులుకోవలసిన అవసరం రాదు. టేకు, మోదుగ, బూరుగ మోడుబారాలంటే మాఘ ఫాల్గుణాలు రావాలి. అదైనా చలికి కాదు, నీటి ఎద్దడికి.

వ్యాసంలో వరి గురించి నాలుగు మాటలు ఉంటే బాగుంటుంది. చిత్త కార్తె, అంటే అక్టోబరు రెండో వారం నాటికి, కోస్తాలో సార్వా వరి చాలా చోట్ల పొట్ట మీద ఉంటుంది. పై ఆకు తొడుగును రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే లోపల వెన్ను మెత్తగా తగులుతుంది. వెన్ను తీశాక ఒక్కో పువ్వు పొద్దెక్కిన తరువాత కాసేపు మాత్రమే విచ్చుకొని మళ్ళీ మూసుకుంటుంది. సరిగ్గా ఆ వేళకు గాలివాన కొడితే పుప్పొడి కొట్టుకుపోయి గింజ కట్టదు, తాలు మిగులుతుంది. ఇంకొన్నాళ్ళు పోయాక గింజను గోటితో నొక్కితే తెల్లని పాలు చిమ్ముతాయి. చిన్నతనంలో మీరు ఆ పని చేసే ఉంటారు, చేసినందుకు చీవాట్లు కూడా తినే ఉంటారు. ఆ చీవాట్లను సైతం రాయించండి. అమ్మాయి పంతులమ్మకు చెట్ల రంగుల కన్నా అవే బాగా నచ్చుతాయని నా అనుమానం.

ప్రశ్న: పూర్వం ఊళ్లో ఒకరి కష్టానికి ఒకరు అడ్డుపడేవారని, ఇప్పుడా మంచితనం లేదని మా తాతయ్య తరచూ అంటారు. కులాల గోడలున్న ఊళ్లో దయ ఎక్కడిదని, అదంతా పెద్దవాళ్ళు అల్లుకున్న కథ అని నా స్నేహితుడు వాదిస్తాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఇద్దరి మాటా నమ్మవలసిందే. ఎలాగంటే, ఆశ్వయుజం వచ్చేసరికి కిందటేటి ధాన్యం అడుగంటుతుంది, కొత్తది ఇంకా చేలోనే ఉంటుంది. పండించే ఇంట్లోనే గాదె అడుగు ఊడ్చుకొనే రోజులివి. ఇక కూలి మీద బతికే ఇళ్ళలో, నాట్లు, కలుపుతీతలు అయిపోయి కోతలు ఇంకా మొదలు కాకపోవడం వల్ల, చేతికి పనీ ఉండేది కాదు, పొయ్యి మీదికి గింజా ఉండేది కాదు. ఊరి మంచి, చెడ్డ రెండూ తేలేది ఈ కొద్ది వారాల్లోనే. ధాన్యం నిలువ ఉన్న ఆసాములు నాగుకు ఇచ్చేవారు: ఇప్పుడు రెండు బస్తాలు తీసుకుంటే కళ్ళం దగ్గర మూడు కొలవాలి. నాలుగు నెలలైనా నిండని అప్పుకు సగానికి సగం వడ్డీ అన్నమాట. అదే ఊళ్లో వడ్డీ ఊసెత్తకుండా కొలిచి పంపేవారూ ఉండేవారు.

మా నాయనమ్మ ఆ రెండో కోవ మనిషి. ఇచ్చేటప్పుడు మానిక అంచు దాటి గోపురంలా నిలిచేట్టు పోసేది, తిరిగి తెచ్చినప్పుడు అంచుకు సమంగా చేత్తో గీసి తీసుకొనేది. కొలవడం ఎప్పుడూ పెరటి గుమ్మంలోనే జరిగేది, ఎందుకంటే వీధి అరుగు మీద కూర్చున్నవాళ్ళ కంట పడితే అడగవచ్చిన మనిషి తల దించుకోవలసి వస్తుందని ఆవిడ బాధ. అయితే ఆ పెరటి గుమ్మం దాటి లోపలికి రాకూడని మనుషులు కొందరుండేవారు, వాళ్ళను మా నాయనమ్మ కూడా రానివ్వలేదు; వాళ్ళ చేటలోకి చెయ్యి తగలకుండా ఎత్తి పోసేది. ఆవిడ దయనూ, ఆ అంటరానితనాన్నీ నేను ఒకే గుమ్మంలో చూశాను. మొదటిది చెప్పి రెండోది దాస్తే మీ స్నేహితుడికి కోపం రావడం న్యాయమే.

మరో సంగతి కూడా మీ తాతగారిని అడగండి. కోత కోసి పనలు ఎత్తాక చేలో రాలి మిగిలిన వెన్నులను పరిగె అంటారు. చేను ఎవరిదైనా పరిగె ఏరుకోవడం పేదవాళ్ళ వంతు. మర్యాద తెలిసిన రైతు, వాళ్ళు ఒక విడత తిరిగి వెళ్ళేదాకా గొడ్లను చేలోకి తోలేవాడు కాదు. ఇది ఏ చట్టంలోనూ లేదు, ఊరి వాడుకలో ఉంది. నాకు మా నాయనమ్మ మానిక కన్నా ఈ వాడుక మీదనే గౌరవం ఎక్కువ, ఎందుకంటే ఆవిడ పోయాక ఆ మానికతో కొలిచేవారు ఎలా కొలుస్తారో ఎవరూ చెప్పలేరు గానీ, పరిగె మాత్రం ఊళ్లో పరమ పిసినారి చేలో కూడా దొరికేది. కోత మిషన్లు వచ్చాక ఆ ఏరుకోవడం దాదాపు పోయింది. ఆకలి తీర్చే బరువు రేషను బియ్యం మీద పడింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలయ్యాక ఎందరో నాగు గుమ్మాల దగ్గర నిలబడే అవసరం తప్పించుకున్నారు. ఒకరి దయ కోసం కనిపెట్టుకొని ఉండడం కన్నా కార్డు పట్టుకొని వరుసలో నిలబడడం మేలని నా అభిప్రాయం. మీ తాతగారు ఒప్పుకోకపోవచ్చు. ఆయనతో వాదించకుండా, మీ ఇంట్లో ఎవరు ఎవరికి కొలిచేవారో, ఎక్కడ నిలబెట్టి కొలిచేవారో అడిగి రాసిపెట్టుకోండి.

ప్రశ్న: నా చిన్నప్పుడు బతుకమ్మకు గునుగు పువ్వు సంచుల కొద్దీ కోసుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు కొనుక్కోవలసి వస్తోంది. మా ఊరి చేలల్లో ఎందుకు కనబడడం లేదు?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: గునుగు ఎవరూ విత్తే పువ్వు కాదమ్మా. మెట్ట చేలల్లో, జొన్న, మొక్కజొన్న సాళ్ళ మధ్యన, గట్ల మీద తనంతట తాను మొలిచే కలుపు మొక్క. చేతితో కలుపు తీసే రోజుల్లో గట్టు వారన ఉన్నది బతికిపోయేది. కలుపు మందు కొట్టినప్పుడు గట్టు కూడా తడుస్తుంది. నీటి వసతి వచ్చి మెట్ట చేలు వరి మళ్ళు అయిన చోట నిలువ నీటిలో అది ఎలాగూ నిలవదు. రైతుకు నీళ్ళు రావడం మంచి విషయం కనుక ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. మీరు చేయగలిగినది ఒకటుంది. ఈసారి కొన్న పువ్వులో బాగా ముదిరిన కంకులు నాలుగు పక్కన పెట్టి ఎండబెట్టండి, దులిపితే నల్లగా మెరిసే సన్నని గింజలు రాలుతాయి. తొలకరికి వాటిని ఇంటి వెనుకో, బడి ఆవరణలోనో చల్లండి. తెలిసిన రైతు ఉంటే, ఒక గట్టును మందు కొట్టకుండా వదలమని అడిగి చూడండి. ఇంట్లో ఆడపిల్లలున్న రైతు కాదనడు.

ప్రశ్న: కార్తీక వనభోజనాలకు ఉసిరి చెట్టే ఎందుకు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కార్తీకంలో ఉసిరి చెట్టుకు పూజ చేయడం ఆచారం, కాయ అందివచ్చేదీ ఈ రోజుల్లోనే. చెట్టు సంగతి అలా ఉంచితే, దాని కింద ఎవరెవరు కూర్చుంటున్నారన్నది నా బెంగ. ఈ మధ్య కులసంఘాల వారీగా బ్యానర్లు కట్టి వనభోజనాలు జరపడం మామూలైపోయింది. ఊరి వీధిలో కలవని పక్కింటివారితో తోటలోనైనా కలిసి తినడానికి వీలిచ్చే పూటను మళ్ళీ గదులుగా కోసుకోవడం నాకు మింగుడుపడదు.

ప్రశ్న: మాది దివిసీమ. కార్తీక మాసం వస్తే మా అమ్మ మాట తగ్గిస్తుంది. 1977 ఉప్పెనలో ఆమె తోబుట్టువులు పోయారని మాకు తెలుసు గానీ, ఆమె నోట ఎన్నడూ వినలేదు. వయసు మీద పడుతోంది, ఆ సంగతులు అడిగి రికార్డు చేయాలని ఉంది. అడగవచ్చా?
– ఒక పాఠకుడు, అవనిగడ్డ

జవాబు: ఆ ఏడాది నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది చనిపోయారు. వరి చేతికొచ్చే వేళ, కార్తీకపు పండుగ రోజుల్లో జరిగింది కనుక, మనకు దీపాలతో గుర్తొచ్చే నెల మీ అమ్మగారికి నీళ్ళతో గుర్తొస్తుంది. ఆ రాత్రి గురించి నేరుగా అడగవద్దని నా సలహా. ముందు ఆ తోబుట్టువుల గురించి అడగండి: ఎవరికి ఏ కూర ఇష్టం, ఎవరు బాగా ఈదేవారు, ఎవరు బడి ఎగ్గొట్టేవారు. ఫోన్ ముందు పెట్టి కూర్చోకుండా, చిక్కుడుకాయలు ఈనె తీస్తూనో బియ్యం చెరుగుతూనో పక్కన కూర్చొని అడగండి. చేతికి పని ఉన్నప్పుడు పెద్దవాళ్ళకు మాట సులువుగా వస్తుంది, ఇష్టం లేనప్పుడు ఆ పనిలోకే తల వంచుకోవడానికీ వీలుంటుంది. ఆమె తానుగా ఆ రాత్రిలోకి వెళ్తే వినండి. వెళ్ళకపోతే, బతికున్నప్పటి వాళ్ళ ముచ్చట్లు మీకు దక్కుతాయి, అవి చిన్న ఆస్తి కాదు. రికార్డు చేస్తే మాత్రం ఆమెకు చెప్పి చేయండి.

ప్రశ్న: రెండెకరాలు కౌలుకు చేస్తున్నాను. మిషనుతో కోయించి ధాన్యం రోడ్డు పక్కన ఆరబోశాం. రాత్రి మబ్బు పట్టేసరికి పక్క రైతు దగ్గర బరకాలు లేవని నావి సగం ఇచ్చాను. ఆయనది తడవలేదు, నాది ఒక వార తడిసింది. మంచితనం మన కడుపు నింపదని ఇంట్లో సాధిస్తున్నారు. నేను చేసినది తప్పా?
– ఒక కౌలు రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు ధాన్యం సంగతి చూడండి. తడిసినదాన్ని పొడిదానితో కలపకండి, కుప్పగా అసలే ఉంచకండి. లోపల వేడెక్కి మొలక వస్తుంది. ఎండ లేకపోతే పల్చగా పరిచి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణం చల్లితే మొలక ఆగుతుంది. తేమ 17 శాతం లోపుకు వచ్చాకే కొనుగోలు కేంద్రానికి తీసుకువెళ్ళండి, లేకపోతే వెనక్కి పంపిస్తారు, బండి కిరాయి మీ నెత్తిన పడుతుంది.

ఇక మీ ప్రశ్న. మీరు చేసినది తప్పు కాదు, మీ ఇంట్లోవాళ్ళు సాధించడమూ తప్పు కాదు. సొంత పొలం ఉన్నవాడికి ఒక బస్తా పోతే పంటలో పోతుంది, కౌలుదారుకు అదే బస్తా పోతే కౌలు చెల్లించడానికి చేబదులు తేవలసి వస్తుంది. వాళ్ళు భయపడింది దానికే. అందుచేత, మీ ధాన్యం ఎంత తడిసిందో ఆ పక్క రైతుకు దాచకుండా చెప్పండి. చాలామంది ఇక్కడ మొహమాటపడి ఊరుకుంటారు, లోపల మాత్రం ఏడాది పొడుగునా గుర్తుపెట్టుకుంటారు. డబ్బు అడగమని కాదు, తడిసిన వార ఆరేదాకా రోజూ పొద్దున్నే తిరగబోయడానికి ఒక మనిషిని పంపమనండి. వచ్చే పంటకు ఇద్దరూ చెరి సగం వేసుకొని బరకాలు ముందే కొని, ఎవరింట్లో దాచాలో కూడా ఇప్పుడే అనుకోండి.