కొండెక్కుతున్న మా అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

"దానికి నీ పోలికే వచ్చింది, ఉద్యోగం మానేసి అనంతగిరి కొండల్లో తిరుగుతుందట" అని మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. దాన్నైతే ఓదార్చాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకే కాళ్ళూ చేతులూ ఆడలేదు. మళ్ళీ సాయంత్రానికి వీధిలో అందరికీ చెప్పుకున్నాను. పక్కింటావిడకైతే రెండుసార్లు. నాకు ముందు ఒక్కమాట చెప్పుంటే నీ సొమ్మేం పోయిందే?

నీ ఆలోచన మంచిదే. విశాఖ తాగే నీళ్ళలో కొంత తాటిపూడి జలాశయం నుంచి వస్తుంది. తాటిపూడికి గోస్తని నీళ్ళు, ఆ గోస్తని పుట్టేది అనంతగిరి కొండల్లో. రైవాడ జలాశయాన్ని నింపే శారదా ఆ కొండల బిడ్డే. పైనున్న ఊళ్ళు అడవి కాస్తే కింద పట్నానికి బురద లేని నీళ్ళు. కాబట్టి కిందవాళ్ళు పైవాళ్ళకి ఏటా ఇంతని ముట్టజెప్పాలంటావు. న్యాయమే.

అన్నిటికంటే ముందు దోమతెర కొనుక్కో. నవ్వకు. మందు పట్టించినది కొను, చిరుగుపడితే అదే రోజు కుట్టుకో. ఏజెన్సీ మలేరియా నాకు వచ్చినప్పుడు మూడు దుప్పట్లు కప్పినా మంచం కోళ్ళు టకటకలాడాయి. జ్వరం తగిలితే "రేపు చూద్దాంలే" అనకుండా ఆశా అమ్మాయి దగ్గర రక్తపరీక్ష చేయించుకో. తగ్గింది కదా అని మాత్రలు మధ్యలో ఆపేవో, నేనే వచ్చి చెవి మెలేస్తాను.

మిగతావి నీకు తెలిసినవే. గ్రామసభలో తీర్మానం, ఊరి పేరున బ్యాంకు ఖాతా, చెక్కు మీద సంతకాల్లో ఇద్దరు ఆడవాళ్ళు. సంత రోజు మీటింగు పెట్టకు, ఎవరూ రారు.

ఇక అసలు సంగతి. 1990లలో, అటవీశాఖతో కలిసి ఊరివాళ్ళు అడవి కాచే వన సంరక్షణ సమితులు కొత్తగా వచ్చిన రోజుల్లో, నేను పనిచేసే సంస్థకి ఒక గెడ్డ (కొండవాగు) పొడుగునా ఊళ్ళ పని వచ్చింది. దాని పేరెందుకులే. గెడ్డకి ఎడమన ఒక ఊరు, కుడిన ఒక ఊరు. ఎడమ ఊరివాళ్ళు పోడు కొట్టీ కొట్టీ కొండని బోడి చేశారు. తప్పు పట్టను, తిండిగింజలకి వాళ్ళకి వేరే భూమి లేదు. కుడి ఊరివాళ్ళూ పేదలే. అయినా ఊటకి పైనున్న అడవిని ముట్టుకునేవాళ్ళు కాదు. అక్కడ వాళ్ళ అమ్మవారుండేది. గొడ్డలితో ఎక్కినవాడికి తప్పు వేసేవారు: ఒక కోడి, ఒక కుండ జీలుగు కల్లు. పోడంతా అవతలి వాలులోనే చేసుకునేవారు, పంట తక్కువొచ్చినా సరే.

మా ఆఫీసు లెక్క ఏమిటంటే గొయ్యికి ఇంత, మొక్కకి ఇంత. ఇంకేముంది, బోడికొండ ఊరికి పని వచ్చింది. గోతుల కూలి, నాటిన కూలి, కాపలా కూలి. రెండో ఏడాదికి అక్కడ ఇళ్ళ మీద కొత్త రేకులు మెరిశాయి. కుడి ఊళ్ళో మొక్క నాటడానికి ఖాళీ లేదు కదా, అందుకని పైసా రాలేదు. ఫారంలో కాపాడిన అడవికి గడే లేదు.

ఒకరోజు కుడి ఊళ్ళో ఒక ముసలమ్మ తిరగలి ముందు కూర్చుని చోళ్ళు విసురుతోంది. నన్ను చూసి తిరగలి ఆపింది. పిండి అంటిన చేతిని చీరకి తుడుచుకుని, "అమ్మా, మేమూ నరికేస్తే మాకూ ఇస్తారా?" అంది. వెటకారం కాదే. ఏ కాగితం పెట్టాలో కనుక్కుంటున్నట్టు నిజంగానే అడిగింది. ఆ ముక్క రిపోర్టులో రాస్తే మా పైఆయన కొట్టేశాడు, "ఇది ప్రశ్న కాదమ్మా, ఫిర్యాదు" అని.

ఆ తర్వాత ఒక మార్చిలో ఊట పైన పొగ లేచింది. ముందు కుర్రాళ్ళు నరికారు, పెద్దలు తప్పు వేయబోతే "అమ్మవారు మనకేం ఇచ్చింది, అవతల రేకులు చూడు" అన్నారట. అక్కడ వలిసెలు బ్రహ్మాండంగా పండాయి, రెండేళ్ళు. తర్వాత వానకి మన్నంతా గెడ్డలోకి దిగింది. వేసవిలో ఒక బిందె నిండేలోగా ఆడవాళ్ళు ఊరి కబుర్లన్నీ ముగించేవారు. ఇంతకీ ఎడమ కొండ మీద నాటినవేంటో తెలుసా, నీలగిరి మొక్కలు! వాటికింద గడ్డి కూడా సరిగా మొలవలేదు. నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది.

అందుకని నీ ఫారంలో మొదటి గడి నిలబడి ఉన్న అడవికి పెట్టు. డబ్బిచ్చేవాళ్ళు "ఉన్నదానికి మళ్ళీ ఎందుకివ్వాలి, మార్పేది?" అంటారు. తప్పకుండా అంటారు, బాగా చదువుకున్నవాళ్ళే అంటారు. ఆ ముసలమ్మ అడిగింది వాళ్ళకి చెప్పి, జవాబు వాళ్ళనే చెప్పమను.

డబ్బు భూమి పట్టా చూసి పంచకు. చండీగఢ్ సుఖ్నా చెరువు కథ నీకు చెప్పానా? 1958లో కట్టారు, ఎగువ కొండల మట్టితో పూడిపోసాగింది. 1970లలో మిశ్రా గారని ఒక నేలల శాస్త్రవేత్త ఎగువనున్న సుఖోమజ్రి ఊళ్ళో చిన్న చిన్న మట్టికట్టలు వేయించారు. ఆ నీళ్ళలో ప్రతి ఇంటికీ సమాన వాటా, సెంటు భూమి లేనివాళ్ళకీ! అప్పుడుగానీ ఊరంతా కలిసి కొండకి మేకల్ని తోలడం మానలేదు. నీ ఊళ్ళలోనూ అడవిని నిలపాల్సింది కాగితాలు లేని పోడు రైతులూ, కట్టెలకీ కొండచీపుళ్ళకీ వెళ్ళే ఆడవాళ్ళూ. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆ ఊరికి సామూహిక అటవీ హక్కు పత్రం వచ్చిందో లేదో కూడా చూడు. రాకపోతే ముందు ఆ పని. లేదంటే డబ్బు వాసన తగలగానే "ఇది మా అడవి" అంటూ ఎవరెవరో దిగుతారు.

నీళ్ళు పెరుగుతాయని మాత్రం ఎవరికీ మాటివ్వకు. చెట్లూ నీళ్ళు తాగుతాయి. బురద తగ్గుతుందని చెప్పు చాలు. వానాకాలం గెడ్డ నీళ్ళు గాజుసీసాలో పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున అడుగున పేరుకున్న మట్టిని స్కేలు పెట్టి చూడమను, బడిపిల్లలే రాస్తారు. ఇండొనేషియాలో సుంబర్‌జయ అనే కాఫీ కొండల్లో, వాగులో మట్టి తగ్గేదాన్ని బట్టే బహుమతి అని ఒప్పందం రాసుకున్నారు. బాగానే ఉంది గానీ, ఎవడో పైన రోడ్డుకి కొండ తవ్వితే దిగే మట్టికి ఊరివాళ్ళ డబ్బు కోస్తే నేనూరుకోను. ఆ షరతు విడిగా రాయించు.

డబ్బు ఆషాఢ శ్రావణాల్లో చేతికందాలి. గాదెలు ఖాళీ అయి, మామిడి టెంక అంబలితో పూట గడిపే రోజులవి. మార్చిలో మీ లెక్కలు ముగించుకోవడానికి ఇస్తే ఉపయోగం లేదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది చెప్తాను. రెండేళ్ళిచ్చి ఆపేస్తే? పట్నంలో ఆఫీసరు మారతాడు, కొత్తాయనకి నీ కొండ తెలియదు. అప్పుడు ఆ ఊళ్ళోకి ఒక్కదానివే నడిచి వెళ్ళి చెప్పాల్సింది నువ్వే. హిమాచల్‌లో పాలంపూర్ మునిసిపాలిటీ 2010లో తమ ఊట పైనున్న ఊళ్ళకి ఏడాదికి పది వేలు ఇస్తామని ఒప్పుకుంది. చిన్న మొత్తమే. ఇచ్చేది మాత్రం నీళ్ళు తాగేవాళ్ళే, ఒప్పందం కాగితం మీద ఉంది. నువ్వూ అలాగే, తక్కువైనా సరే, ఎవరో దాత దయ మీద కాకుండా నీళ్ళ పన్నులోంచి వచ్చేలా చూడు. ఏ మొత్తం చెప్పినా దాన్ని ఇవ్వగలిగే ఏళ్ళు ముందు లెక్కేసుకో.

ఒప్పందం ముసాయిదా సంతకాలకి ముందు నాకు పంపు. కళ్ళద్దాలు మార్చాను, చిన్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. చోడిపిండి ఒక డబ్బా, మిరియాల కారం ఒక సీసా ఈ ఆదివారం బస్సులో వేస్తాను, అనంతగిరిలో దిగి తీసుకో.

నీ పెద్దమ్మ