బతికిన పాములను మాత్రమే లెక్కించవద్దు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఆస్ట్రేలియా వాయవ్యాన కింబర్లీ ప్రాంతంలో, చెరకు గోదురుకప్పలను తినే స్థానిక జంతువులపై పరిశోధన మొదలుపెడుతున్నావని నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. ఎన్నో ఏళ్లు జంతుశాస్త్రం బోధించినవాడిగా కొన్ని జాగ్రత్తలు చెప్పాలనిపించింది.

"జంతువు కొత్త ఆహారానికి అలవాటు పడింది" అని తొందరపడి రాసుకోకు. ఒక జంతువు తన జీవితకాలంలో నేర్చుకున్నది వేరు, తట్టుకోలేనివి చచ్చిపోగా మిగిలినవాటి సంతానంలో కనిపించేది వేరు.

చెరకును పాడుచేసే పెంకుపురుగులను తింటాయన్న ఆశతో 1935లో ఈ కప్పలను హవాయి నుంచి క్వీన్స్‌లాండ్‌కు తెచ్చారు. ఆ ఖండంలో అంతకుముందు గోదురుకప్పల జాతే లేదు గనుక, అక్కడి పాములలో చాలావాటికి ఈ కప్పల చర్మంలో ఉండే విషంతో పరిచయం లేదు. జీవశాస్త్రజ్ఞులు బెన్ ఫిలిప్స్, రిక్ షైన్ మ్యూజియంలలో భద్రపరచిన పాములను కొలిచి, కప్పలు చేరిన తరువాత ఎర్రపొట్ట నల్లపాముల ఒళ్లు పొడవైందనీ, దానితో పోలిస్తే తల చిన్నదైందనీ 2004లో ప్రకటించారు. చిన్న తల గల పాము పెద్ద కప్పను మింగలేదు. కాబట్టి దాని ఒంటికి చేరే విషం తక్కువ. కప్పలు పాతుకుపోయిన చోట ఈ పాములు కప్పను ముట్టడానికే ఇష్టపడవు, కాని కప్ప ఎరుగని పాములకు ప్రయోగశాలలో ఆ జాగ్రత్త నేర్పబోతే అవి నేర్చుకోలేదు. అంటే ఆ జాగ్రత్త వెనుక లెక్కలేనన్ని చావులున్నాయి. అందుకే దారిలో చచ్చిపడిన పామునైనా వదలక తల, ఒళ్లు కొలిచి, ఆ చోటికి కప్పలు ఏ ఏట చేరాయో పక్కనే రాసుకో.

మీ కింబర్లీలోని నీటి ఎలుకల సంగతి వేరు. కప్పలు వచ్చిన రెండేళ్లలోపే, ఒక వాగు దగ్గర అవి పెద్ద కప్పల రొమ్మును చీల్చి, పిత్తాశయాన్ని పక్కకు తీసి, గుండె, కాలేయం మాత్రమే తిన్నాయి. ఇంత తక్కువ కాలంలో వచ్చిన నైపుణ్యాన్ని తరాల మార్పుగా భావించడం కష్టం; నేర్చుకున్నదనే నా అభిప్రాయం. కప్ప కళేబరం దొరికితే గాటు ఎక్కడ పడింది, చర్మం ఎక్కడ ఒలిచి ఉంది, ఏ అవయవం మిగిలింది అన్నది శ్రద్ధగా చూడు. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకు. క్వాల్ అనే చిన్న మాంసాహారి కూడా నేర్చుకోగలదు: వాంతి తెప్పించే మందు కలిపిన కప్ప మాంసాన్ని ఒకసారి తినిపిస్తే, తరువాత బతికున్న కప్ప జోలికి పోవడం తగ్గించింది.

అక్కడి కీల్‌బ్యాక్ పాము ఈ కప్పలను తిని బతకగలుగుతుంది. దాన్ని కొత్త మార్పుల జాబితాలో చేర్చవద్దు, ఎందుకంటే దాని పూర్వీకులు గోదురుకప్పలు ముందునుంచే ఉన్న మన ఆసియా నుంచి వెళ్లినవి. మన పొలాల్లోని నీరుకట్టెకు దూరపు చుట్టం.

కప్పలు ఇంకా చేరని వాగు నీ పరిధిలో ఉంటే అక్కడి జంతువులను ముందుగా కొలువు. అవి చేరాక ఆ అవకాశం తిరిగి రాదు. వానలు పడగానే కప్పలు ముందుకు కదులుతాయి కనుక, మొదటి కొలతలను వానలు లేని కాలంలోనే ముగించి నాకు రాయి.

నీ మేనమామ