ఓడ టికెట్టు చౌకే, మరి యాత్ర ఖర్చు?

ప్రశ్న: నేను, నా భార్య ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేశాం. సొంత ఇల్లుంది, అప్పులు లేవు. విరమణ సొమ్ము కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్లలో, కొంత మ్యూచువల్ ఫండ్లలో ఉంది. నాకు బీపీ తప్ప ఇద్దరి ఆరోగ్యమూ బాగానే ఉంది. ఏటా ఒకసారి సముద్ర క్రూయిజ్‌కు వెళ్లాలని కోరిక. తిండి, బస అన్నీ టికెట్టులోనే అని ప్రకటనలు చెబుతున్నాయి. నిజంగా అంతటితో సరిపోతుందా? డిపాజిట్ రద్దు చేసి వచ్చే ఏడాదికి ఇప్పుడే బుక్ చేయమంటారా, చివరి నిమిషం తగ్గింపుల కోసం ఆగమంటారా? వృద్ధాశ్రమం కన్నా ఓడలో స్థిరపడటమే చౌక అని కూడా చదివాను. మీరు తరచూ క్రూయిజ్‌లకు వెళ్తుంటారు కాబట్టి అడుగుతున్నాను.

సమాధానం: తప్పకుండా వెళ్లండి. అప్పులు లేవు, ఆరోగ్యం సహకరిస్తోంది, ఇద్దరికీ ఇష్టం ఉంది. ఇలాంటప్పుడు వాయిదా వేయమని చెప్పే సలహాదారుణ్ని కాను నేను. కానీ టికెట్టుతో సరిపోతుందా అంటే, సరిపోదు. కేబిన్, ప్రధాన భోజనశాలలోనూ బఫేలోనూ తిండి, ఈతకొలను, రాత్రి ప్రదర్శనలు, రేవు నుంచి రేవుకు ప్రయాణం టికెట్టులో వస్తాయి. విమానం, ముందు రోజు హోటలు, వీసా, బీమా, టిప్పులు, రేవుల్లో తిరుగుడు, ఇంటర్నెట్ అందులో రావు. నా దగ్గరకు వచ్చేవాళ్లకు నేను వేయించే లెక్క ఒకటే: టికెట్టు ధర ఎంతో, మిగతా ఖర్చులకు మరో అంత పక్కన పెట్టుకుని ఆ మొత్తాన్నే యాత్ర ఖర్చుగా చూడండి. అది మీకు అందుబాటులో ఉంటేనే బుక్ చేయండి. మిగిలితే వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

టిప్పుల సంగతే చూడండి. పెద్ద అమెరికన్ కంపెనీల ఓడల్లో మామూలు కేబిన్‌కు రోజుకు మనిషికి 16 నుంచి 20 డాలర్ల దాకా మీ ఖాతాలో వాటంతటవే పడిపోతాయి. ఏడు రాత్రులకు ఇద్దరికీ కలిపి 224 నుంచి 280 డాలర్లు. అది కాక కొనే ప్రతి పానీయం మీద 18 నుంచి 20 శాతం సేవా రుసుము. టిప్పులు తీయించేయవచ్చని కొందరు సలహా ఇస్తారు, నేను ఇవ్వను. తెల్లవారకముందే లేచి మీ కేబిన్ సర్దే మనిషి సంపాదనలో అది భాగం. దాన్ని టికెట్టు ధరలోనే కలిపి చూసుకోండి.

ఓడలో డబ్బు చేతులు మారదు. ఎక్కేటప్పుడే మీ క్రెడిట్ కార్డును కేబిన్ కార్డుకు జోడిస్తారు. ఆ తర్వాత కాఫీకి, ఫొటోకు, స్పాకు, క్యాసినోకు కూడా ఆ ఒక్క కార్డే. పర్సులోంచి నోటు తీసేటప్పుడు కలిగే సంకోచం ఇక్కడ ఉండదు కాబట్టే ఖర్చు తడిసి మోపెడవుతుంది. చివరి రోజు పొద్దున రిసెప్షన్ ముందు బిల్లు కాగితాలు పట్టుకున్నవాళ్ల వరుస ప్రతి ఓడలోనూ చూస్తాను. ఫలానా రోజు ఈ ఐస్‌క్రీం మేం తీసుకోలేదని ఒకరు, పిల్లలు వీడియో గేములు ఇంతసేపు ఆడారా అని మరొకరు. సామాను అప్పటికే రేవుకు చేరిపోయి ఉంటుంది, దిగే పిలుపు వినబడుతుంటుంది, వాదించే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే రోజూ రాత్రి పడుకునే ముందు ఓడ యాప్‌లోనో కేబిన్ టీవీలోనో ఖాతా చూసుకోండి. తప్పు పడితే మర్నాడే సరిచేయించుకోవచ్చు. డెబిట్ కార్డు మాత్రం ఇవ్వకండి. ఖర్చు అంచనా వేసి మీ ఖాతాలో కొంత సొమ్మును ఆపి ఉంచుతారు, ఓడ దిగిన తర్వాత కూడా అది విడుదల కావడానికి రోజులు పట్టవచ్చు. కార్డు బిల్లును మీ సొంత కరెన్సీలోకి మార్చి వేస్తామని అడిగితే వద్దనండి. ఆ మార్పిడి రేటు సాధారణంగా మీ బ్యాంకు రేటు కన్నా నష్టంగానే ఉంటుంది.

అపరిమిత పానీయాల ప్యాకేజీ కొనేముందు ఒక నిబంధన చదవండి. చాలా కంపెనీల్లో ఒక కేబిన్‌లో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే అదే కేబిన్‌లోని మిగతా పెద్దవాళ్లూ తీసుకోవాలి. ఇద్దరిలో ఒకరు ముట్టకపోయినా ఇద్దరికీ కట్టాల్సిందే. ఫోను విషయంలో ఒకటే మాట: ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో అది ఓడ శాటిలైట్ నెట్‌వర్కుకు తగులుకుంటుంది, ఆ రోమింగ్ బిల్లు చాలా దారుణంగా వస్తుంది.

ఇక రేవుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రకటన చూసి కొనేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. కార్యక్రమ పట్టికలో రోమ్ అని ఉంటుంది. ఓడ ఆగేది చివితావెక్కియాలో, అక్కడి నుంచి రోమ్‌కు దాదాపు 70 కిలోమీటర్లు. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో రేవు, పారిస్ అంటే సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని ల హావ్ర్. వెనిస్ సంగతి మరీ ముఖ్యం. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలు ఆ నగరం మధ్య కాలువలోంచి వెళ్లడం నిషేధం. అందువల్ల వెనిస్ పేరుతో అమ్మే కొన్ని ఓడలు రవెన్నా నుంచో ట్రియెస్టే నుంచో బయలుదేరతాయి. హోటలు వెనిస్‌లో తీసుకుని, ఓడ మరో ఊళ్లో ఉందని ఆఖర్న తెలుసుకునేవాళ్లు ఉన్నారు. కొన్ని రేవుల్లో పన్నులూ పెరిగాయి. గ్రీస్ 2025 జులై నుంచి క్రూయిజ్ ప్రయాణికుల మీద రుసుము వేస్తోంది. వేసవి నెలల్లో అక్కడి దీవులైన సాంటోరిని, మికొనోస్‌లలో అది మనిషికి 20 యూరోలు. కాబట్టి టికెట్టు కొనేముందు ప్రతి రేవు అసలు పేరు రాసుకుని, అక్కడి నుంచి మీరు చూడదలచిన ఊరు ఎంత దూరమో మ్యాపులో చూడండి.

దూరం తెలిస్తే, ఓడవాళ్ల విహారం కొనాలా, సొంతంగా తిరగాలా అన్నదీ తేలుతుంది. కంపెనీ ఏర్పాటు చేసిన బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు మిమ్మల్ని చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. తర్వాతి రేవు వేరే దేశంలో ఉంటే విమానం, హోటలు, ఒక్కోసారి వీసా కూడా మీ ఖర్చే. అందుకని రేవు దగ్గరే ఊరుంటే నేను నడిచో, టాక్సీలోనో తిరుగుతాను. లోతట్టు ఊళ్లకైతే ధర ఎక్కువైనా ఓడవాళ్ల బస్సే ఎక్కుతాను. ఓడ గడియారం, ఊరి గడియారం కొన్నిచోట్ల వేరుగా ఉంటాయి. చేతి గడియారాన్ని ఓడ సమయానికే ఉంచండి. ఎక్కే రోజుకు విమానం పెట్టుకోకండి, ముందు రోజే ఆ ఊరు చేరండి. ఒక రాత్రి హోటలు ఖర్చుకు వెనకాడి మొత్తం టికెట్టు పోగొట్టుకునే ప్రమాదం కొనితెచ్చుకోవద్దు.

బీమా దగ్గర మాత్రం నేను పట్టుబడతాను. ఓడలో వైద్యుడుంటాడు, కానీ చూసిన ప్రతిసారీ ఫీజు మీ ఖాతాలో పడుతుంది. మీ ఊళ్లో పనిచేసే ఆరోగ్య బీమా అక్కడ చెల్లకపోవచ్చు. గుండె నొప్పో, పక్షవాతమో వస్తే దగ్గరి రేవులో దింపుతారు, పరిస్థితి విషమిస్తే హెలికాప్టర్ వస్తుంది. అక్కడి ఆసుపత్రి ముందే డబ్బు కట్టమనవచ్చు. ఇంటికి చేర్చే వైద్య విమానానికి పదుల వేల డాలర్లు అవుతాయి. జీవితమంతా కూడబెట్టిన విరమణ సొమ్మును ఒక్క వారంలో తినేయగల ఖర్చు యాత్ర మొత్తంలో ఇదొక్కటే. బాల్కనీ వదులుకోండి, ప్యాకేజీలు మానుకోండి, ఇది మాత్రం మానకండి. వైద్య తరలింపుకు పెద్ద మొత్తం ఉన్న పాలసీ తీసుకోండి, మీ బీపీ సంగతి దరఖాస్తులో దాచకుండా రాయండి. దాస్తే క్లెయిము తిరస్కరించడానికి వాళ్లకు అదే కారణం అవుతుంది. కొన్ని పాలసీల్లో మొదటి అడ్వాన్సు కట్టిన కొద్ది రోజుల్లోనే బీమా కొంటేనే పాత జబ్బులకు రక్షణ ఉంటుంది కనుక ఆలస్యం చేయకండి. ఓడ కంపెనీ అమ్మే బీమా సులువే, అయినా వైద్యానికి ఎంత ఇస్తారో, రద్దు చేసుకుంటే డబ్బు ఇస్తారా లేక తర్వాతి యాత్రకు క్రెడిట్ మాత్రమే ఇస్తారా అన్నది పాలసీ పత్రంలో చదివి, బయటి పాలసీతో పోల్చండి.

వీసాలోనూ ఒక మెలిక ఉంది. గ్రీస్ రేవు పిరాయస్‌లో ఎక్కి, తుర్కియేలోని కుషాదసీ చూసి, మళ్లీ గ్రీకు దీవులకు వచ్చే ఓడనుకోండి. వీసా అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల సమూహం) దాటి తిరిగి ప్రవేశిస్తున్నట్టే, ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా చాలదు. పత్రాలు సరిగా లేవని ఎక్కనివ్వకపోతే టికెట్టు డబ్బు వెనక్కి రాదు.

ఇప్పుడే బుక్ చేయాలా అన్నారు. మీ పరిస్థితిలో ముందే బుక్ చేయడం మేలు. అడ్వాన్సు కొంతే కడతారు, మిగతాది సాధారణంగా ప్రయాణానికి మూడు నెలల ముందు కట్టాలి. ఆ గడువుకు ముందు ధర తగ్గితే, చాలా కంపెనీలు అడిగినవాళ్లకు కొత్త ధర ఇస్తాయి. అడగనివాళ్లకు ఇవ్వవు. కాబట్టి ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టి, రెండు వారాలకోసారి ధర చూస్తుండండి. తిరిగి రాని అడ్వాన్సు కాస్త చౌకగా ఉంటుంది, అయినా మీ వయసులో తిరిగి వచ్చేదే తీసుకోండి. చివరి నిమిషం తగ్గింపులు రేవు పక్కనే ఉండేవాళ్లకు, వీసా అక్కర్లేనివాళ్లకు లాభం. విమానం ఎక్కి రావాల్సినవాళ్లకు ఓడలో మిగిలింది విమానంలో పోతుంది. కరీబియన్ వైపు ఆగస్టు, సెప్టెంబర్లలో చౌక ధరలు కనిపిస్తే తుపానుల కాలమని గుర్తుంచుకోండి. అక్కడ అది జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా ఉంటుంది. వాతావరణం బాగాలేక ఒక రేవు వదిలేస్తే మీకు వచ్చేది దాదాపుగా ఆ రేవు రుసుము మాత్రమే.

కేబిన్ గురించి ఎక్కువ ఆలోచించకండి. కిటికీ లేనిదైనా నిద్రకు చాలు. ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ.

డబ్బు ఎక్కడి నుంచి తీయాలన్నది అసలు ప్రశ్న. గడువు తీరని డిపాజిట్ రద్దు చేసి వడ్డీ పోగొట్టుకోకండి. అడ్వాన్సును పొదుపు ఖాతాలోంచి కట్టి, చివరి చెల్లింపు తేదీకి ముందే గడువు తీరే డిపాజిట్‌ను దానికి కేటాయించండి. ఏడాదిలోపు కావలసిన డబ్బును షేర్ల ఫండ్లలో ఉంచకండి. ఏటా వెళ్లగలరా అన్నదానికి 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అమెరికా మార్కెట్ చరిత్ర మీద వేసిన లెక్క ఒక ఆధారం. మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసుకుని, తర్వాత ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోతే నిధి 30 ఏళ్లు నిలిచిందని ఆయన చూపారు. మీ దేశపు ధరల పెరుగుదల ఎక్కువైతే ఇంకా తక్కువే తీయాలి. ఇంటి ఖర్చులు, వైద్యం పోగా ఆ హద్దులో మిగిలినది పైన చెప్పిన మొత్తం యాత్ర ఖర్చుకు సరిపోతే ఏటా వెళ్లండి. చాలకపోతే రెండేళ్లకోసారి వెళ్లండి, ఈలోగా నెలనెలా విడి ఖాతాలో వేసుకోండి. కార్నివాల్ కార్పొరేషన్ అనే క్రూయిజ్ కంపెనీ తన షేర్లు 100 ఉన్నవాళ్లకు ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి కొంత క్రెడిట్ ఇస్తూ వచ్చింది. దాని కోసం షేర్లు కొనకండి. 2020 ఆరంభంలో 50 డాలర్ల చుట్టూ ఉన్న ఆ షేరు ఏప్రిల్ నాటికి 10 డాలర్ల లోపుకు పడింది, డివిడెండూ ఆగిపోయింది.

చివరిగా ఓడలో స్థిరపడటం. ఈ మాట ఊరికే పుట్టలేదు. 2004లో అమెరికా వృద్ధుల వైద్య పత్రికలో లిండ్‌క్విస్ట్, గోలబ్ అనే ఇద్దరు వైద్యులు సహాయక నివాసాల (రోజువారీ పనుల్లో తోడ్పడే వృద్ధాశ్రమాల) ఖర్చును క్రూయిజ్ ఖర్చుతో పోల్చి వ్యాసం రాశారు. వాళ్ల లెక్కలో రెండూ ఇంచుమించు సమానం, ఓడ చౌక అని తేలలేదు. పైగా ఓడ వైద్యుడు అత్యవసరాలకు మాత్రమే. మంచం పట్టినవాళ్లను చూసుకునే ఏర్పాటు అక్కడ ఉండదు. 2023 నవంబరులో ఇస్తాంబుల్ నుంచి బయలుదేరాల్సిన మూడేళ్ల ప్రపంచయాత్ర, ఓడే దొరక్క రద్దయింది. ఆ ప్రయాణికుల్లో ఇళ్లు ఖాళీ చేసి, అద్దెకిచ్చి వచ్చినవాళ్లు ఉన్నారు. మీ ఇల్లు అమ్మకండి.

సముద్రం మీద ఎక్కువ రోజులు ఉండాలన్న కోరికే అయితే వేరే దారి ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కరీబియన్ నుంచి మధ్యధరా సముద్రానికి, అక్టోబరు, నవంబరుల్లో తిరిగి అటువైపు కంపెనీలు ఓడలను మారుస్తాయి. ఈ ప్రయాణాలు రెండు వారాల దాకా ఉంటాయి, ఒక్కో రాత్రికి పడే ధర తక్కువ, రేవులు తక్కువ కాబట్టి బయటి ఖర్చూ తక్కువ. ఎక్కేది ఒక ఖండంలో, దిగేది మరో ఖండంలో. కనుక టికెట్టు తీసుకునేముందు రెండు వైపుల విమానం ధరలు విడివిడిగా చూసుకుని, ఓడ ధరకు కలిపి లెక్కవేయండి.