కిట్టు కొనకండి, కాలిపోయిన ఫ్యాను ఇప్పించండి

ఎనిమిదో తరగతి చదివే మీ అబ్బాయికి ఇంజినీరింగు చేతులతో నేర్పించాలంటే రోబో కిట్టు కొనాలా, ఐఐటీ ఫౌండేషనులో చేర్పించాలా అని ఒంగోలు నుంచి అడిగారు. రెండూ వద్దంటాను. కిట్టు కలిపి పెట్టిన ముద్ద లాంటిది, పిల్లవాడు చేసేది మింగడమే. ఇక ఆరో తరగతి నుంచే ఫౌండేషను చదివిన పిల్లల్లో స్క్రూడ్రైవరు సరిగ్గా పట్టుకున్నవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.

కావలిలో మాది మోటారు వైండింగు షాపు. అల్లూరు వైపు రొయ్యల చెరువుల నుంచి నీళ్లలో గాలి కలిపే ఏరేటరు మోటార్లు, పొలాల నుంచి బోరు మోటార్లు, ఇళ్ల నుంచి ఫ్యాన్లు వస్తుంటాయి. నిరుడు వేసవిలో ఒక రొయ్యల రైతు వెంట పదో తరగతి పరీక్షలు రాసిన కూతురు వచ్చింది. మోటారు ఎందుకు తిరుగుతుందమ్మా అని అడిగితే అయస్కాంతం దగ్గర కరెంటు పారే తీగ ఎటు కదులుతుందో చెప్పే ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన తడుముకోకుండా అప్పజెప్పింది. వేళ్లు కూడా సరిగ్గానే పెట్టింది. విప్పిన సీలింగు ఫ్యాను ముందు పెట్టి, ఇందులో తిరిగేది ఏదని అడిగాను. మధ్యలో రాగి తీగ చుట్టిన భాగాన్ని చూపించింది. పుస్తకంలోని బొమ్మలో తిరిగేది తీగచుట్టే మరి. సీలింగు ఫ్యానులో ఆ భాగం కదలదు, దాని చుట్టూ ఉన్న డొప్ప రెక్కలతో సహా తిరుగుతుంది.

"అయితే నేను చుట్టనా బాబాయ్?" అంది. సెలవుల్లో రోజూ వచ్చింది. మాడిన తీగ కోసి, పాత చుట్లు లెక్కపెట్టి రాసుకుని, గాడుల్లో కాగితం దోపి, కొత్త తీగ చుట్టి, వార్నిషు పట్టించి ఆరబెట్టింది. సీరీస్ బల్బుతో పరీక్షించి, రెక్కలు బిగించి స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది, కింద నిలబడితే గాలి లేదు. నేను నోరు విప్పలేదు. ఆపి రెక్కల వాలు చూసింది. మళ్లీ వేసి చూసింది. "ఇది గాలిని పైకి తోస్తోంది, తిరగాల్సిన వైపు తిరగడం లేదు" అని తనే చెప్పింది. ఫ్యానులో రన్నింగు, స్టార్టింగు అని రెండు తీగచుట్టలు ఉంటాయని, కెపాసిటరు వల్ల స్టార్టింగు చుట్టలో కరెంటు ముందుగా నడుస్తుందని, రెండు చుట్టల మధ్య ఆ తేడాయే తిరిగే దిక్కును నిర్ణయిస్తుందని మాత్రం నేను చెప్పాను. అట్టముక్క మీద బొమ్మ గీసుకుని, స్టార్టింగు చుట్ట కొసలు రెండూ తారుమారు చేయాలని తేల్చింది. చేసింది. గాలి కిందికి కొట్టింది. ఆ పిల్లకు ఇక ఫ్లెమింగ్ సూత్రం ఎవరూ బట్టీ పట్టించనక్కర్లేదు.

నాకు పని నేర్పిన పెద్దాయన బిట్రగుంట లోకోషెడ్డులో ఆవిరి ఇంజన్ల మీద ఫిట్టరుగా చేసినవాడు. ఆయనా అంతే, జవాబు చెప్పేవాడు కాదు, సామాను చేతికిచ్చి పక్కన కూర్చునేవాడు. ఇప్పుడు అలా కూర్చునే ఓపిక ఎవరికుంది? నీతి ఆయోగ్ 2016 నుంచి బడుల్లో పిల్లలు చేతులతో వస్తువులు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టిస్తోంది, ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. ఎంతో మంచి పథకం. కానీ నేను చూసిన ఒక బడిలో ఆ గది తాళం అధికారులు వచ్చిన రోజే తీస్తారు, త్రీడీ ప్రింటరుకు కప్పిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. పిల్లలు పాడుచేస్తారట! పాడుచేయకుండా బాగుచేయడం ఎలా వస్తుంది? ఆ పిల్లలే రేపు బీటెక్ చివరి ఏడాదిలో ప్రాజెక్టు కొనుక్కొచ్చి చూపిస్తారు. చదువుకున్న పిల్లలు అలా తయారవుతుంటే నాకు కడుపు మండుతుంది.

మీ అబ్బాయి సంగతికి వస్తాను. పాత ఇనుప సామాన్ల కొట్లో కాలిపోయిన టేబులు ఫ్యానో మిక్సీయో కొనివ్వండి. ఇంటికి రాగానే ప్లగ్గు వైరు మొదలంటా కత్తిరించి పారేయండి, అప్పుడు దాన్ని ఎవరూ కరెంటుకు తగిలించలేరు. పాత పిక్చరు ట్యూబు టీవీ, మైక్రోవేవ్ ఓవెను మాత్రం విప్పనివ్వకండి, ప్లగ్గు తీసేసినా వాటిలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. మంచి స్క్రూడ్రైవర్లు, ఒక ముక్కు పట్టకారు, ఒక మల్టీమీటరు చాలు. విప్పిన ప్రతి స్క్రూ ఎక్కడిదో బొమ్మ గీసుకోమనండి. దసరా సెలవుల్లో కావలి తీసుకొస్తే చుట్టడం నేను నేర్పిస్తాను, తీగ ఖర్చు నాది.