విరిగిన ఎండ్రకాయ కాలు మళ్లీ మొలుస్తుందా?

ప్రశ్న: సూళ్లూరుపేట నుంచి తెచ్చిన పులికాట్ ఎండ్రకాయల్లో ఒకదానికి ఒక డెక్క రెండోదానిలో సగమే ఉంది. విరిగిపోతే మళ్లీ మొలుస్తుందని అమ్మినావిడ చెప్పారు. అది నిజమేనా? నిజమైతే పరిణామక్రమంలో మనిషి ఆ శక్తిని ఎందుకు కోల్పోయాడు? సముద్రానికి దూరంగా ఉన్నవారు దీన్ని అధ్యయనం చేయగలరా?
– జంతుశాస్త్ర డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఆవిడ చెప్పింది నిజం. శత్రువుకు చిక్కిన ఎండ్రకాయ తన కాలిని మొదలు దగ్గర, ముందే ఏర్పడి ఉన్న ఒక గీత వెంబడి తానే వదిలేసుకుంటుంది. అక్కడ ఒక పలుచని పొర ఉండడం వల్ల రక్తస్రావం పెద్దగా జరగదు. ఆ చోట మొలిచిన మొగ్గలో కొత్త కాలు మడతపడి పెరిగి, జీవి పాత పెంకు విడిచినప్పుడు విచ్చుకుంటుంది. మొదటిసారి అది చిన్నదిగానే ఉంటుంది. మీరు చూసినది బహుశా అటువంటిదే.

మీ రెండో ప్రశ్నకు అంత సూటి జవాబు లేదు. వంశవృక్షంలో ఎండ్రకాయ కీటకాల కొమ్మకు చెందుతుంది. చేతులను తిరిగి పెంచుకునే సముద్ర నక్షత్రం, బెదిరినప్పుడు పేగులను బయటకు కక్కి కొన్ని వారాల్లో కొత్తవి తయారుచేసుకునే సముద్ర దోసకాయ మాత్రం వెన్నెముక గల జీవులకు, అంటే మనకు, దగ్గరి కొమ్మలోనివి. ఈ శక్తి తొలి జంతువుల నుంచి వచ్చి కొన్ని కొమ్మల్లో కనుమరుగైందా, లేక వేర్వేరు చోట్ల విడివిడిగా పుట్టిందా అన్నది ఇప్పటికీ చర్చలోనే ఉంది. గాయమైన చోట ఏ జన్యువులు మేల్కొంటున్నాయో వేర్వేరు జీవుల్లో పోల్చి చూడడమే ఇందుకు దారి. సముద్ర నక్షత్రానికి బంధువైన ఊదారంగు సముద్రపు ముళ్లజీవి (సీ అర్చిన్) జన్యుపటం 2006లో వెలువడి, దాదాపు 23,000 జన్యువులతో, ఆ పోలికకు గట్టి ఆధారమైంది. పైగా మనిషి ఆ శక్తిని పూర్తిగా కోల్పోయాడనడం కూడా సరికాదు: కోసి తీసిన కాలేయం తిరిగి పెరుగుతుంది, గోరు మొదలు మిగిలితే పసిపిల్లల వేలి కొన కూడా వస్తుంది. ఆ శక్తి ఉన్న జీవుల్లోనూ తిరిగి వచ్చేది ఎప్పుడూ అచ్చం పాతదానిలా ఉండదు: బల్లి తోకనే చూడండి, మళ్లీ వచ్చిన తోకలో వెన్నుపూసల బదులు మృదులాస్థి (మెత్తని ఎముక) గొట్టమే ఉంటుంది.

అధ్యయనానికి సముద్రం పక్కనే ఉండనక్కరలేదు. చెరువుగట్టు ఎండ్రకాయలోనూ ఇదే జరుగుతుంది. మీరుగా కాలు విరవకండి. అప్పటికే కాలు పోయినదాన్ని తొట్టిలో పెంచి, మొగ్గ పొడవును తేదీలవారీగా రాసుకోండి. లేతది దొరికితే మేలు, ఎందుకంటే ముదిరినవి పెంకు విడవడం అరుదు, కొత్త కాలు విచ్చుకోవడం చూడాలంటే చాలాకాలం ఎదురుచూడాల్సి వస్తుంది.