గుట్టుగా కట్టగలిగేది మినిమమ్ డ్యూ ఒక్కటే

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, పెళ్లై ఎనిమిదేళ్లు. మధ్యలో ఆరు నెలలు ఉద్యోగం లేదు. అప్పుడు ఇంటి ఖర్చంతా క్రెడిట్ కార్డుల మీదే నడిపాను. నా భార్య అడిగితే ‘దాచుకున్నది ఉందిలే’ అన్నాను. ఉద్యోగం వచ్చినా ఆ అప్పు తీరలేదు. మూడు కార్డుల మీద కలిపి సుమారు నాలుగు నెలల జీతమంత బాకీ ఉంది, వడ్డీ నెలకు 3 శాతం. మినిమమ్ డ్యూ మాత్రం తప్పకుండా కడుతున్నాను. చేతిలో లేనప్పుడు ఒక కార్డు నుంచి డబ్బు తీసి ఇంకో కార్డుకు కడుతున్నాను. ఫోన్ మోగితే చాలు గుండె దడ. తనకు తెలిస్తే ఇక నన్ను నమ్మదు. తెలియకుండా బయటపడే దారి చెప్పండి.

జవాబు: మీరు అడిగిన దారి లేదండీ. నీతి చెబుతున్నానని అనుకోకండి. లెక్క ఒప్పుకోదు, అంతే.

మినిమమ్ డ్యూ అంటే ఆ నెల కనీసం కట్టి తీరాల్సిన మొత్తం. చాలా కార్డులకు అది బాకీలో 5 శాతం దగ్గర ఉంటుంది. మీ విషయంలో అది జీతంలో ఐదో వంతు. అందులో సగానికి పైగా ఆ నెల వడ్డీకే పోతుంది. కొత్తగా ఏమీ కొనకుండా ఇలాగే ఏడాది కట్టారనుకోండి. మీ జేబులోంచి రెండు నెలల జీతానికి పైనే వెళ్తుంది, అసలు బాకీ మాత్రం ఒక నెల జీతమంత కూడా తగ్గదు. పైగా బాకీ తగ్గేకొద్దీ మినిమమ్ డ్యూ కూడా తగ్గుతుంది. భారం తగ్గిందని మనం సంతోషిస్తాం, అప్పు మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది.

అదే జీతంలో మూడో వంతును, నెలనెలా తగ్గించకుండా కట్టండి. పదిహేను, పదహారు నెలల్లో మొత్తం తీరిపోతుంది.

ఇప్పుడు మీరే చెప్పండి. ఐదో వంతు జీతం కనిపించకపోతే ఏదో ఒకటి చెప్పి సర్దుకొస్తున్నారు. మూడో వంతు కనిపించకపోతే ఏం చెబుతారు? ఒకే ఇంట్లో ఉండే మనిషికి తెలియకుండా కట్టగలిగేది మినిమమ్ డ్యూ ఒక్కటే. దాంతో ఈ అప్పు తీరదు. మీ అప్పును ఇన్నాళ్లూ బతికిస్తున్నది వడ్డీ ఒక్కటే కాదు, ఈ దాపరికం కూడా.

అందుకే ముందు చెప్పాలి. ఎలా చెప్పాలన్నదే అసలు ప్రశ్న.

నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఒకటి చూశాను. మొదటిసారి చెప్పేటప్పుడు పూర్తి అంకె చెప్పేవాళ్లు చాలా తక్కువ. రెండు కార్డుల సంగతి చెప్పి మూడోది దాచుకుంటారు, ‘అది చిన్నదే కదా, నేనే చూసుకుంటాలే’ అని. నెల తిరగకుండా ఆ మూడో కార్డు స్టేట్‌మెంట్ బయటపడుతుంది. అప్పు సంగతి విని తట్టుకున్న మనిషి కూడా ఈ రెండో దెబ్బకు విరిగిపోతుంది. కాబట్టి చెబితే ఒకేసారి, మొత్తం చెప్పండి.

ఒక కాగితం తీసుకోండి. కార్డుకో వరుస రాయండి: ఈ రోజు బాకీ ఎంత, వడ్డీ ఎంత, ఆఖరి తేదీ ఏది. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, పిల్లలుంటే వాళ్లు లేనప్పుడు కూర్చోండి. ఉద్యోగం లేనప్పుడు ‘దాచుకున్నది ఉంది’ అన్న మాట అబద్ధమని ముందు ఒప్పుకోండి. ఆ తర్వాతే కాగితం చూపించండి. కోపం వస్తుంది, రానివ్వండి. ‘నిన్ను టెన్షన్ పెట్టకూడదనే చెప్పలేదు’ అనకండి. నిజమే అయినా ఆ పూట అది సాకులాగే వినిపిస్తుంది. ఆమె దగ్గర ఉన్న డబ్బు గురించి కూడా ఆ రోజు ఎత్తకండి. ఇవ్వాలనిపిస్తే తనే అంటుంది, అనకపోయినా తప్పు లేదు.

ఇక డబ్బు సంగతి. ఒక కార్డు నుంచి డబ్బు తీసి ఇంకో కార్డుకు కట్టడం ఈ రోజే ఆపండి. కార్డు మీద నగదు తీస్తే ఫీజు పడుతుంది, సాధారణంగా వడ్డీ కూడా ఆ రోజు నుంచే మొదలవుతుంది. ఇంకో విషయం చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా కట్టనప్పుడు మామూలుగా కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క. అందుకే ఇంటి ఖర్చు కార్డుల మీద పెట్టకండి. ఫోన్‌లోని యాప్‌లలో దాచిన కార్డు నంబర్లు కూడా తీసేయండి.

బ్యాంకుకు మీరే ఫోన్ చేయండి. వాళ్లు చేసేదాకా ఆగితే మాట వేరుగా ఉంటుంది. తక్కువ వడ్డీకి వాయిదాలుగా మారుస్తారా అని అడగండి. పర్సనల్ లోన్ తక్కువ వడ్డీకి దొరికితే తీసుకుని కార్డులు కట్టేయడం కూడా మంచి పనే, కానీ ఖాళీ అయిన కార్డులను మళ్లీ గీకనంటేనే. అలా చేసి రెండు అప్పులు మోస్తున్నవాళ్లను చూశాను. ఎవరైనా ‘సగం కట్టు, సెటిల్‌మెంట్ చేస్తాం’ అంటే తొందరపడకండి. బాకీ పూర్తిగా కట్టలేదన్న మాట మీ క్రెడిట్ రికార్డులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మూడింటిలో ముందు ఏది తీర్చాలి? వడ్డీలు వేరువేరుగా ఉంటే ఎక్కువ వడ్డీదే ముందు తీర్చమంటుంది లెక్క. మీవన్నీ 3 శాతమే అంటున్నారు కాబట్టి చిన్న బాకీతో మొదలుపెట్టండి. మిగతా రెండింటికి మినిమమ్ కడుతూ, మిగిలిందంతా దీనికే కట్టండి. ఒక కార్డు సున్నా కావడం ఇద్దరూ కళ్లారా చూడటం మీ ఇంట్లో ఇప్పుడు చాలా అవసరం. సున్నా అయ్యాక తర్వాతి నెల స్టేట్‌మెంట్ కూడా చూడండి. స్టేట్‌మెంట్ వచ్చిన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య రోజుల వడ్డీ కొంచెం రావచ్చు. తీరిపోయిందని వదిలేస్తే లేట్ ఫీజు పడొచ్చు.

ఒక్కటి అడుగుతాను. బాకీ ‘సుమారు’ నాలుగు నెలల జీతమంత అని రాశారు. సరైన అంకె చూసి ఎన్నాళ్లయింది? ఆమెతో కూర్చునే ముందు ఆ మూడు యాప్‌లూ తెరిచి, ఆ అంకె మీరు చూడండి.